వెలలేని పాఠములు – ఉపాధ్యాయుని హక్కు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ సభలో పుస్తకములను గూర్చి మాటలాడుట ఆచారము. నేటి విషయము పుస్తకము కాదు. పుస్తకమునకు దగ్గరి చుట్టము. తరగతి గదులలోనికి తెరలు వచ్చినవి. ఉపాధ్యాయుల చేతులలోనికి సెల్‌ఫోనులు వచ్చినవి. ఆ తెరమీద చూపుటకును, ఆ ఫోనులో దాచుకొనుటకును బొమ్మలు, చలనచిత్రములు, ప్రయోగములు, కథలు, అభ్యాసములు అంతర్జాలములో వెల లేకుండ లభించుచున్నవి. ఈ మాట నిజమే. కాని అవి ఎవరివి, ఎంతకాలము నిలుచును, మన ఉపాధ్యాయుడు వానిని తన పిల్లలకు తగినట్లు దిద్దుకొనవచ్చునా అని విచారింపక, వెల లేదనుమాటకే మురిసిపోవుట దస్తావేజు చదువకుండ వ్రేలిముద్ర వేయుట వంటిది.

ఆకాశమార్గమున పాఠములు వచ్చుట తెలుగువారికి క్రొత్త కాదు. 1975 ఆగస్టు 1వ తేదీన మన దేశములో ఉపగ్రహ బోధనా ప్రయోగము ఆరంభమయ్యెను. అమెరికా అంతరిక్ష సంస్థ యగు నాసా ఏటీఎస్-6 అను తన ఉపగ్రహమును ఒక్క సంవత్సరము పాటు మనకు ఎరువిచ్చెను. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, బీహారు, మధ్యప్రదేశ్, ఒరిస్సా, రాజస్థాన్ అను ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములను ఎన్నుకొనిరి. ఊరికొక టెలివిజను పెట్టె; దానికి తోడు కోళ్ళగూటికి కట్టు తీగవల వంటి వలతో చేసిన పది అడుగుల గొడుగు. ఉదయము గంటన్నర పాఠశాల పిల్లలకు, సాయంకాలము రెండున్నర గంటలు పెద్దలకు. ఆ ఉదయపు గంటన్నరను హిందీ, కన్నడ, ఒరియా, తెలుగు భాషలు నాలుగును పంచుకొనగా తెలుగు బిడ్డల వంతునకు ఇరువదిరెండున్నర నిమిషములు దక్కెను. తెలుగు కార్యక్రమములను హైదరాబాదులోని నిర్మాణ కేంద్రమున తయారుచేసిరి.

ఈ ప్రయోగములో నేటి విషయమునకు మిక్కిలి దగ్గరగా నున్నది మరియొకటి కలదు. పిల్లలకే గాక, ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకును అదే ఉపగ్రహము ద్వారా పన్నెండేసి దినముల శిక్షణ నిచ్చిరి. విజ్ఞానశాస్త్రమును ఊరిలో దొరకు వస్తువులతో ఎట్లు బోధింపవచ్చునో చూపిరి. రెండు విడతలలో ఇంచుమించు 50 వేలమంది ఉపాధ్యాయులు ఆ శిక్షణ పొందిరి. 

1976 జూలై 31న గడువు తీరెను. ఉపగ్రహమును ఇచ్చినవారు తిరిగి తీసికొనిరి. కొన్ని గ్రామములకు తరువాత భూమిమీది ప్రసార కేంద్రముల ద్వారా కార్యక్రమములు అందినవిగాని, ఒక సంవత్సరము పాటు వచ్చిన పాఠములలో ఒక్కటియైన ఊరి బడిలో మిగులలేదు. మిగుల్చుకొను సాధనము బడికి లేదు. నిన్నటి పాఠమును మరల చూపుమని పిల్లవాడడిగిన, ఉపాధ్యాయుడు ఆకాశమువంక చూడవలసినదే. ఇది నాసా వారి తప్పు కాదు, మన శాస్త్రవేత్తల తప్పును కాదు. ఒప్పందమే అంతవరకు. తరువాత మనకు స్వంత ఉపగ్రహములు కలిగినవి. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోటనుండి విద్య కొఱకే ఎడ్యుశాట్ అను ఉపగ్రహమును పంపిరి. 2010లో దాని ఆయువును ముగిసినది.

కరోనా కాలము ఇంకను ఎవ్వరును మరచియుండరు. 2020 మార్చిలో బడులు మూతపడగా, ఆ సంవత్సరము సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా 3వ తరగతి మొదలు 10వ తరగతి వరకు పిల్లలకు పాఠములు చెప్పిరి. టెలివిజను లేని యింటి పిల్లలు ఉన్న యింటి అరుగుమీద కూర్చుండిరి. అయితే 1976కును దీనికిని ఒక భేదము కలదు. ఈసారి పాఠములు ప్రసారముతోనే అంతరింపలేదు, అంతర్జాలములో నిలిచినవి. కాని నిలుచుట వేరు, మనవి యగుట వేరు.

భూమి లెక్క తెలిసినవారికి ఈ భేదమును విప్పి చెప్పనక్కరలేదు. పాత పహాణీలో పట్టాదారు పేరు ఒక గడిలో నుండెడిది, సాగు చేయువాని పేరు వేరొక గడిలో నుండెడిది. దున్నుకొనుటకు సెలవున్నంత మాత్రమున గట్టు జరుపుటకు, బావి త్రవ్వుటకు, బిడ్డలకు పంచియిచ్చుటకు హక్కు రాదు. అంతర్జాలపు పాఠములును అట్టివే. వానిలో పెక్కింటిని చూచుటకు మాత్రమే సెలవు. యూట్యూబులోని పాఠమును చూడవచ్చును; పాఠము నడుమ సబ్బు ప్రకటన వచ్చినను చూడవలసినదే. ఉంచినవారు రేపు తీసివేసిన అడుగువారు లేరు. మరికొన్నింటిని దింపుకొని దాచుకొనవచ్చును. ఇంకను కొన్నింటిని దింపుకొని, మార్చి, మన మాటలలో పెట్టుకొని, పొరుగూరి బడికి పంచియు ఇయ్యవచ్చును. ఈ కడపటి వానికి మాత్రమే ఉపాధ్యాయుడు పట్టాదారుతో సమానుడు.

ఈ హక్కు దయాదాక్షిణ్యములవలన వచ్చినది కాదు. పత్రము వ్రాసి యిచ్చినది. 2001 ఏప్రిలులో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థ తన పాఠ్యసామగ్రి నంతను అంతర్జాలమున ఎల్లరకు తెరచియుంచెదమని ప్రకటించెను. ధనము పోసి కొనవలసిన చదువును ఊరక పెట్టుచున్నారేమని ఆనాడు పలువురు ఆశ్చర్యపడిరి. మరుసటి యేట యునెస్కో సభలో ఇట్టి సామగ్రికి ‘తెరచిన విద్యావనరులు’ అను అర్థము వచ్చునట్లు నామకరణము చేసిరి. ఆ 2002 డిసెంబరులోనే క్రియేటివ్ కామన్స్ అను సంస్థ హక్కుపత్రముల నమూనాలను వెలువరించెను. కామన్స్ అనగా ఊరుమ్మడి. మన బంచరాయి వంటిది. ఎవరి పశువైనను మేయవచ్చును. అయితే రచయిత పేరు చెరుపరాదు. కొన్నింట వ్యాపారము చేయరాదు. కొన్నింట మార్చి చేసినదానిని తిరిగి ఉమ్మడిలోనే విడువవలెను. ఏ పాఠమునకు ఏ నిబంధనయో ఆ పాఠము క్రిందనే వ్రాసియుండును. ఆ ఒక్క పంక్తి చదువు అలవాటు మనలో తక్కువ. 2013లో మన జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి, అనగా ఎన్.సి.ఈ.ఆర్.టి., ఈ పద్ధతిననే ఒక జాతీయ భాండారమును తెరచినది.

ఇప్పుడు బడిపిల్లల సంచిలోని పుస్తకమును చూడుడు. పాఠము ప్రక్కన నల్లని చుక్కల చదరము అచ్చువేసి యుండుట చూచియే యుందురు. దానిని క్యూఆర్ గుర్తు అందురు. 2017 సెప్టెంబరు 5, ఉపాధ్యాయ దినోత్సవమున, కేంద్ర ప్రభుత్వము దీక్ష అను వేదికను ఆరంభించినది. తెలంగాణ పాఠ్యపుస్తకములలోను ఆ గుర్తులు ముద్రింపబడినవి. ఫోనుతో ఆ చదరమును పట్టిన, ఆ పాఠమునకు సంబంధించిన చిత్రమో వివరణమో తెరచుకొనును. పుస్తకమునకును తెరకును వంతెన కట్టిన ఈ ఉపాయము మెచ్చదగినది; పుస్తకమును త్రోసివేయక దాని భుజము మీదనే చేయి వేసినది. అయితే ఊరిలో సిగ్నలు లేనిచోట వంతెన యున్నను ఆవలి ఒడ్డు కనబడదు. దీనికి విరుగుడు ఆ యాపులోనే కలదు. సిగ్నలున్న చోట ముందురోజే పాఠమును దింపుకొనిన, మరునాడు అంతర్జాలము లేకున్నను చూపవచ్చును.

కథల విషయమున ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ చెప్పుకొనదగినది. 2015 సెప్టెంబరు 8, అక్షరాస్యతా దినోత్సవమున దీనిని తెరచిరి. పిల్లల బొమ్మల కథలు తెలుగుతో సహా అనేక భాషలలో నున్నవి. చదువవచ్చును, దింపవచ్చును, అచ్చువేసికొనవచ్చును, అనువదింపవచ్చును; అందలి బొమ్మలు తీసికొని వేరు కథయు అల్లవచ్చును. రచయిత పేరును చిత్రకారుని పేరును చెప్పిన చాలును. మన ప్రక్కన తాండూరు దాటిన కర్ణాటకమే. తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినబడు బజారులు ఈ జిల్లాలో కలవు. లంబాడీ తండాల పిల్లల ఇంటి మాట ఈ మూడింటిలో ఏదియు కాదు. ఒకే కథను ఇంటి మాటలో ఒకసారి, బడి మాటలో ఒకసారి చదివిన పిల్లవానికి అక్షరము శత్రువుగా కనబడదు. ఏ ప్రచురణకర్తయు మన ఒక్క తండా కొఱకు పుస్తకము అచ్చువేయడు. హక్కుపత్రమున్న కథను ఉపాధ్యాయుడే మార్చి వ్రాసికొనవచ్చును.

విజ్ఞానశాస్త్రమునకు ఫెట్ అను పేర ప్రయోగముల భాండారము కలదు. భౌతికశాస్త్రమున 2001లో నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయమున దీనిని స్థాపించెను. తెరమీద బ్యాటరీకి తీగలు కలిపిన దీపము వెలుగును, తప్పుగా కలిపిన వెలుగదు. లోలకమును పొడుగు చేసిన నెమ్మదిగా ఊగును. మందుగుండు కాలదు, గాజు పగులదు. వీనిని దింపుకొని అంతర్జాలము లేని కంప్యూటరులోను ఆడింపవచ్చును. కొన్నింటిని తెలుగు మాటలలోనికి మార్చియు ఉన్నారు. మిగిలినవానిని మార్చుటకు మన ఉపాధ్యాయులకును సెలవు కలదు. ప్రయోగశాల యున్న బడిలో దీనిని చూపి ప్రయోగశాలకు తాళము వేయుట మాత్రము తగదు. పిల్లవాని చేతికి తీగ గుచ్చుకొనవలె, వ్రేలు కొంచెము కాలవలె. పాత చెప్పులు, అగ్గిపుల్లలు, సైకిలు ట్యూబు ముక్కలతో శాస్త్రము చెప్పిన అరవింద్ గుప్తాకు 2018లో పద్మశ్రీ బిరుదము నిచ్చిరి. ఆయన బొమ్మలు చేయు విధానములును అంతర్జాలమున వెల లేకుండ నున్నవి. ఈ రెండింటిలో పల్లెబడికి మొదటిది కావలెనా రెండవది కావలెనా యన్న, రెండవదియే ముందు.

దాచుకొనని సొత్తు గతి యేమగునో ఫ్లాష్ చరిత్ర చెప్పును. చాల ఏండ్ల పాటు అంతర్జాలమున పిల్లల పాఠములు, ఆటలు, కదలెడి బొమ్మలు ఫ్లాష్ అను సాధనముతోనే చేసెడివారు. దానిని నడుపు అడోబి సంస్థ 2020 డిసెంబరు 31న చేయి వదలినది. క్రొత్త సాధనములోనికి ఎక్కించినవారి పాఠములు బ్రదికినవి. కర్త యెవరో, హక్కు యెవరిదో తెలియని పాఠములను ఎక్కించుటకు ముందుకు వచ్చినవారు అరుదు. తాటియాకును తిరిగి వ్రాయువాడు లేక చిలుకల పాలైన కావ్యము లెన్ని యుండెనో! వానిని గూర్చి బాధపడు సాహిత్యప్రియులు దీనికిని బాధపడవలసియున్నది.

ఉచితమునకు మరియొక వెల కలదు. ప్రతిమను ఎదుట నిలుపుకొని వెల లేకుండ విద్య నేర్చితిననుకొన్న ఏకలవ్యునికి, కడపట కుడిచేతి బొటనవ్రేలు వెల అయినది. నేటి ఉచిత యాపులలో కొన్ని మొదట పిల్లవాని పేరు, తండ్రి ఫోను నంబరు, బడి పేరు అడుగును. నెల తిరుగకముందే తండ్రికి ఫోనులు మొదలగును. చందా కట్టుమందురు, కట్టకున్న బిడ్డ వెనుకబడునని భయపెట్టుదురు. 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ప్రకారము 18 ఏండ్లలోపువారి వివరములు తీసికొనుటకు తల్లిదండ్రుల అంగీకారము కావలెను. ఉపాధ్యాయుడు తన తరగతి పట్టికను ఏ యాపులోను ఎక్కించుటకు ముందు ఈ సంగతి తలచవలెను. పైన చెప్పిన కథలు, ప్రయోగములు పిల్లల పేర్లు అడుగవు.

తెర యుండిన చదువు వచ్చునను భ్రమయు వలదు. పెరూ దేశమున పల్లెబడుల పిల్లలకు లక్షల కొలది చిన్న కంప్యూటరులు పంచిరి. 2012లో వెలువడిన పరిశీలనలో ఆ పిల్లల గణితము గాని భాష గాని మెరుగుపడినట్లు కనబడలేదు. పెట్టె నిచ్చిరిగాని, పెట్టెతో నేమి చేయవలెనో ఉపాధ్యాయునికి తగినంతగా చెప్పలేదు. ఏనుగు నిచ్చి అంకుశము దాచినట్లయినది. మన రాష్ట్రమున ఇందుకు భిన్నముగ ఒక ప్రయత్నము జరిగినది. టాటా ట్రస్టులు, టాటా సాంఘిక శాస్త్రాల సంస్థ, ఎం.ఐ.టి. కలిసి 2015లో క్లిక్స్ అను కార్యక్రమమును చేపట్టి రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరాం, తెలంగాణ రాష్ట్రముల ఉన్నత పాఠశాలలలో నడపిరి. పాఠములను తెలుగులోను చేసిరి. అంతర్జాలము లేకున్నను నడచునట్లు బడిలోని యంత్రమునందే వానిని నిలిపిరి. ఉపాధ్యాయులు ఒకరితోనొకరు సందేహములు చెప్పుకొనుటకు ఏర్పాటు చేసిరి. 2017 సంవత్సరపు యునెస్కో బహుమతి ఈ కార్యక్రమమునకు వచ్చినది. ఇందులో గమనింపవలసినది బహుమతి కాదు. పాఠము బడిలోనే నివసించినది.

ఇక మార్చుకొను హక్కు మనకేల అన్న ప్రశ్నకు ఈ ఊరి నేలయే సమాధానము. శిలలను గూర్చిన పాఠమున తెరమీద ఏ దేశపుదో కొండచరియను చూపి, ఇది అవక్షేప శిల యందురు. ఆ పాఠము వినుచున్న పిల్లవాడు కూర్చున్నది తాండూరు నాపరాయి పరచిన నేలమీద. ఆ రాయి సున్నపురాయి. పొరమీద పొర పేరుకొని గట్టిపడిన అవక్షేప శిలయే. నది పుట్టుకను చూపుటకు గంగోత్రి చిత్రము పెట్టుదురు. మూసీ అనంతగిరి కొండలలో పుట్టుచున్నదని మన పిల్లలకు పాఠమువలన గాక, తిరునాళ్ళకు వెళ్ళినపుడు తెలియుచున్నది. పప్పుజాతి మొక్కల వేళ్ళ బుడిపెలలో సూక్ష్మజీవులు చేరి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించునని పాఠము. చిత్రమున బఠాణీ మొక్క. ఈ ప్రాంతపు రైతు బఠాణీని చేలో చూచుట అరుదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపే లభించినది. బడి గోడ దాటిన కంది చేను. హక్కుపత్రమున్న పాఠములో ఆ మూడు చిత్రములను తీసి మన మూడు చిత్రములను పెట్టుటకు ఒక సాయంకాలము చాలును. చూచుటకు మాత్రమే సెలవున్న పాఠములో నూరేండ్లైనను పెట్టలేము.

భాషను గూర్చియు ఒక మాట. తెలుగు పాఠములలో కిరణజన్య సంయోగక్రియ వంటి పదములు కలవు. సంస్కృతాభిమానుల చెవికి అవి ఇంపుగనే యుండును. సమాసమును విడదీసిన అర్థము ముత్యమువలె జారిపడును. కాని విడదీసి చెప్పువాడుండవలెను. ఆకు ఎండను పట్టి, నీటిని గాలిని కలిపి అన్నము వండుకొనుచున్నదని మొదట చెప్పి, పిమ్మట ఆ పేరు చెప్పిన ఎనిమిదేండ్ల పిల్లకును తెలియును. తెర యీ పని చేయదు. ఎక్కడనో కూర్చుండి తెలుగుచేసినవారికి ఈ ఊరి పిల్లల మాట తెలియదు.

ఉపాధ్యాయుల స్వంత చదువునకును సామగ్రి కొదువ లేదు. 1852లో అచ్చైన బ్రౌణ్యనిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరము ఒకనాడు పట్టణపు గ్రంథాలయములకు పోయి చూడవలసినవి. నేడు అంతర్జాలమున పదము వ్రాసిన అర్థము వచ్చుచున్నది. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో ఊరూరి వ్యాసములు కలవు. అందు నవాబుపేట అని వెదకినవారు జాగ్రత్త పడవలెను. మహబూబునగరు జిల్లాలోను నవాబుపేట మండలము కలదు. వారి చెరువు లెక్క మన ఖాతాలో పడు ప్రమాదము కలదు. తప్పు కనబడిన దిద్దుటకు ఎవరి సెలవును అక్కరలేదు, ఆధారము చూపిన చాలును. వికీపీడియా నంతను కివిక్స్ అను సాధనముతో దింపి అంతర్జాలము లేనిచోట చదువుకొనవచ్చును.

ఇందు గ్రంథాలయమునకు పని యేమన, పనియంతయు దానిదే. ఉపాధ్యాయుడు బదిలీపై పోవును. అతని ఫోను అతనితో పోవును. ఆ ఫోనులో కూర్చిన పాఠములును పోవును. వచ్చిన క్రొత్తవారు మరల మొదటినుండి వెదకవలెను. గ్రంథాలయము బదిలీ కాదు. ఒక హార్డ్ డిస్కును, దానికి నకలుగా మరియొక దానిని బీరువాలో నుంచి, దింపుటకు సెలవున్న పాఠములనే అందు చేర్చి, ఉపాధ్యాయులు పెన్‌డ్రైవు తెచ్చి తీసికొనిపోవునట్లు ఏర్పాటు చేయుటకు గొప్ప ధనము అక్కరలేదు. రెండవ నకలు తప్పనిసరి. యంత్రములు చెప్పి చెడవు.

పుస్తకములకు వలెనే వీనికిని ఒక రిజిస్టరు కావలెను. పాఠము పేరు, చేసినవారి పేరు, హక్కు రకము, దింపిన తేదీ, ఏ తరగతికి, మన ఊరిలో మార్చినవారి పేరు, మార్చినదేమి. ఇన్ని గడులు గీసిన చాలునని తోచును గాని, చివర మరియొక గడి వదలవలెను. పాఠము చూచిన పిల్లలు ఏమి అడిగిరో ఆ గడిలో ఉపాధ్యాయుడు వ్రాయవలెను. మరుసటి యేట ఆ పాఠము తీసికొనువారికి అన్నిటికన్న ఎక్కువ పనికివచ్చునది ఆ గడియే.

మొదటి సంఖ్య వేయుటకు నాపరాయి పాఠము తగును. చిత్రము తీయుటకు దూరము పోనక్కరలేదు. గ్రంథాలయపు వరండాలో చెప్పులు విడిచిన చోట పగిలిన బండ యొకటి కలదు, దాని అంచున పొరలు చక్కగా కనబడుచున్నవి.